మే నెలలో వారం వాతావరణ సూచన చదివి పనులు సర్దుకోవడం ఎలా?

మే నెల సగం దాటాక మన రెండు రాష్ట్రాల్లో ఎండ, గాలివాన ఒకే వారంలో పక్కపక్కనే వస్తాయి. మధ్యాహ్నం దాకా రోడ్డు మీద మనిషి కనపడడు. సాయంత్రం నాలుగింటికి దుమ్ము లేచి, రేకులు ఎగిరి, రాళ్ల వాన పడి, మామిడితోటలో కాయ నేలరాలుతుంది. పొద్దున ఫోన్‌లో చూసుకున్న అంకె మాత్రం "42 డిగ్రీలు" అనే చెప్పింది. ఆ అంకె అబద్ధం కాదు. కానీ ఆ అంకె ఒక్కటే చూసి వడ్లు ఆరబోసినవాళ్లకు, ఆరుబయట పెళ్లి భోజనాలు పెట్టుకున్నవాళ్లకు అది ఏ సాయమూ చేయదు.

వారం సూచనలో పనికొచ్చేదంతా అంకె చుట్టూ ఉన్న మాటల్లో ఉంటుంది. ఏ ప్రాంతంలో, ఎన్ని చోట్ల, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, గాలి ఎటు నుంచి అనే నాలుగు సంగతులు పట్టుకుంటే మిగతాది సులువు. ఎలా చదవాలో, చదివాక ఏం చేయాలో వరసగా చెప్తాను.

1. ముందు సరైన చోట చూడండి

ఫోన్ కొన్నప్పుడే అందులో ఉండే వెదర్ యాప్ మీ ఊరి పేరు పెట్టి గంటగంటకూ బొమ్మలు చూపిస్తుంది. వాటిలో చాలా యాప్‌లు ప్రపంచం మొత్తానికీ నడిచే కంప్యూటర్ నమూనా నుంచి మీ ఊరి చుక్కకు లెక్క తీసి ఇస్తాయి. ఎండ విషయంలో అది బాగానే నడుస్తుంది. మే నెల ఉరుముల వాన పది కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండకపోవచ్చు కాబట్టి, వాన విషయంలో "సాయంత్రం 5 గంటలకు 40 శాతం" అన్న మాటను మీ చేను దాకా లాగకండి.

అసలు ఆధారం భారత వాతావరణ శాఖ. తెలంగాణకు హైదరాబాద్ వాతావరణ కేంద్రం, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి వాతావరణ కేంద్రం రోజూ బులెటిన్లు ఇస్తాయి. తుపాను విషయాలకు విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. వీటికి తోడు ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో వడగాల్పులు, ఏ మండలంలో తీవ్ర వడగాల్పులు అని మండలాల పేర్లతో జాబితా ఇస్తుంది. ఇది నిజంగా పనికొచ్చే జాబితా. జిల్లా పేరు చూసి భయపడడం, లేదంటే ఊరుకోవడం కన్నా మీ మండలం అందులో ఉందో లేదో చూసుకోవడం మేలు. ఫోన్‌లో "మౌసమ్" యాప్ సూచనకు, "దామిని" పిడుగుల హెచ్చరికకు, "మేఘదూత్" పంటల సలహాకు. ఈ మూడూ ప్రభుత్వానివే, ఉచితం. రైతులకు పంట సలహాల బులెటిన్ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వస్తుంది.

వాట్సాప్‌లో తిరిగే "రానున్న 72 గంటలు జాగ్రత్త" లాంటి మెసేజ్‌లో తేదీ లేకపోతే దాన్ని అక్కడే ఆపేయండి, ఎవరికీ పంపకండి. ఏ ఏడాదిదో కూడా తెలియని ఫోటోలు ఏటా మే నెలలో మళ్లీ బయటికొస్తాయి. అమెరికాలో ఉన్న పిల్లలు అది చూసి టెన్షన్ పడి అర్ధరాత్రి ఇంటికి ఫోన్ చేస్తారు. పిల్లలకు మౌసమ్ లింకు పంపి పెడితే అటూ ఇటూ నిద్ర పడుతుంది.

2. ఏ రోజు ఎప్పుడు మొదలవుతుందో చూసుకోండి

వాతావరణ శాఖ రోజు అర్ధరాత్రికి మారదు. హెచ్చరిక ఉదయం 8:30కి మొదలై మర్నాడు ఉదయం 8:30 దాకా ఉంటుంది. అంటే "20వ తేదీ ఈదురుగాలులు" అని ఉంటే 21 తెల్లవారుజామున వచ్చే గాలివాన కూడా ఆ లెక్కలోదే. 20 సాయంత్రం వాన రాలేదు కదా అని రాత్రి టార్పాలిన్లు తీసేస్తే, తెల్లారేసరికి ధాన్యం తడుస్తుంది. పేపర్లో వేసే వర్షపాతం కూడా అంతే, ఉదయం 8:30 వరకు గడిచిన 24 గంటలది.

ప్రాంతం పేరు కూడా ఒకసారి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో కోస్తా, యానాం కలిపి ఒక విభాగం, రాయలసీమ ఒక విభాగం. తెలంగాణ మొత్తం ఒకటే విభాగం. ఆదిలాబాద్‌లో ఎండ మండుతున్న రోజున నాగర్‌కర్నూల్‌లో వాన పడొచ్చు. కాబట్టి "తెలంగాణలో" అని ఉన్న వాక్యం దగ్గర ఆగకుండా కింద జిల్లాల పేర్లు ఉన్న పట్టిక దాకా వెళ్లండి.

3. బులెటిన్ వాక్యాన్ని ముక్కలుగా విడదీయండి

మే నెల బులెటిన్లో ఇలాంటి వాక్యం తరచుగా కనిపిస్తుంది: "విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు సముద్రమట్టం నుంచి 0.9 కిలోమీటర్ల ఎత్తులో ద్రోణి కొనసాగుతోంది. దీని ప్రభావంతో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులు, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో వీచే ఈదురుగాలులతో కూడిన తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది."

ద్రోణి అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ. దానికి ఒక పక్కన భూమి మీది నుంచి పొడి గాలి, ఇంకో పక్కన బంగాళాఖాతం తేమ గాలి ఉంటాయి. రెండూ కలిసే చోట, కింద నేల బాగా వేడెక్కి ఉంటే గాలి పైకి ఎగదన్ని క్యుములోనింబస్ (ఉరుములు, పిడుగుల) మేఘం అవుతుంది. అందుకే ఎండ మండిన రోజునే సాయంత్రం గాలివాన. వాక్యంలో ద్రోణి మీ జిల్లా మీదుగా పోతోందా, మీకు దూరంగా ఉందా చూడండి. అది రోజుకు కొంచెం తూర్పుకో పడమరకో జరుగుతుంటుంది, దాంతో పాటే వాన పడే జిల్లాలు కూడా మారుతుంటాయి. రెండు మూడు రోజుల బులెటిన్లు పక్కపక్కన పెట్టి చూస్తే అది ఎటు కదులుతోందో మీకే అర్థమవుతుంది.

"ఒకటి రెండు చోట్ల" అన్న మాటకు శాఖ దగ్గర ఒక లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతు, అంతకన్నా తక్కువ చోట్ల వాన పడితే అది "ఒకటి రెండు చోట్ల". పావు నుంచి సగం దాకా అయితే "కొన్ని చోట్ల". సగం నుంచి ముప్పావు దాకా "చాలా చోట్ల". అంతకు మించితే దాదాపు అన్ని చోట్లా. కాబట్టి మీ ఊళ్లో చినుకు పడలేదని సూచన తప్పనడానికి లేదు, నాలుగింట మూడు ఊళ్లకు ఆ రోజు వాన రాకపోవచ్చని ఆ మాటలోనే ఉంది. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు, ఆ ఒకటి రెండు చోట్లలో మీ ఊరు ఉంటే నష్టం పూర్తిగా మీదే.

వాన పరిమాణానికీ లెక్క ఉంది. 24 గంటల్లో 15.5 మి.మీ. దాకా తేలికపాటి వాన, 64.4 దాకా మోస్తరు, 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. మేలో మాత్రం "తేలికపాటి" అన్న మాట చూసి ధైర్యపడొద్దు. ఈ నెలలో ఎక్కువ నష్టం చేసేది గాలి. గంటకు 50 కిలోమీటర్ల గాలికి అరటి గెల వేసిన చెట్టు నడుముకు విరుగుతుంది, షామియానా లేచిపోతుంది, ఫ్లెక్సీలు ఊడి కరెంటు తీగల మీద పడతాయి. అందుకే వాక్యంలో ముందు గాలి వేగం చదవండి, తర్వాతే వాన.

4. రంగులు

ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధం కమ్మని. ఎరుపు అంటే ఇక చర్య తీసుకోవాల్సిందే. నా సలహా ఒక్కటే: మేలో పసుపును ఆకుపచ్చలా చూడకండి. ఉరుముల వాన పసుపు రంగు రోజున కూడా పిడుగు పడుతుంది. రంగు ఎండకు ఇచ్చారా, గాలివానకు ఇచ్చారా అన్నది కూడా చూడాలి. ఒక్కోసారి ఒకే జిల్లాకు ఒకే రోజు రెండూ ఉంటాయి.

5. ఎండ: అంకె కన్నా తేడా, తేమ, గాలి

బులెటిన్లో వేసే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే తెల్ల చెక్క పెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున పెట్టిన థర్మామీటరుది. ఎండలో నిలబడినవాడికి, తారు రోడ్డు మీద బండి నడిపేవాడికి, రేకుల షెడ్డులో పనిచేసేవాడికి అంతకన్నా చాలా ఎక్కువ తగులుతుంది. "40 కదా, మొన్న 43 చూశాం" అనుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

వడగాల్పు అని ప్రకటించడానికి కొలత ఉంది. మైదానాల్లో పగటి ఉష్ణోగ్రత కనీసం 40, తీరంలో కనీసం 37 ఉండి, ఆ రోజుల్లో ఉండాల్సిన దానికన్నా 4.5 డిగ్రీలు, ఆపైన ఎక్కువైతే వడగాల్పు. తేడా 6.4 దాటితే తీవ్ర వడగాల్పు. తేడాతో పని లేకుండా 45 తాకితే వడగాల్పే, 47 తాకితే తీవ్రం. అందుకే బులెటిన్లో "సాధారణం కన్నా ఇన్ని డిగ్రీలు ఎక్కువ" అన్న గడిని అంకెతో సమానంగా చూడండి. రెంటచింతల, రామగుండం, భద్రాచలం, నంద్యాల వైపు 43 అంటే అక్కడివాళ్లు తట్టుకునే అలవాటున్న ఎండ. అదే కాకినాడలో 43 అంటే ఊరంతా అల్లాడుతుంది.

కోస్తావాళ్లు తేమ గడి తప్పకుండా చూడాలి. 37 డిగ్రీలకు 60 శాతం తేమ తోడైతే ఒంటికి సుమారు 50 డిగ్రీల వేడిలా ఉంటుంది, ఎందుకంటే చెమట ఆరదు. అదే తేమ 20 శాతమే ఉంటే 40 డిగ్రీలు దాదాపు 40 లాగే తగులుతుంది. విజయవాడ ఉక్కపోతలో పెద్దవాళ్లు నీరసపడిపోవడానికి కారణం అదే. కూలర్ కూడా పొడి గాలి ఉన్న చోటే బాగా పనిచేస్తుంది. తేమ ఎక్కువున్న రోజున తలుపులు మూసి కూలర్ వేస్తే గది ఇంకా ఉక్కగా తయారవుతుంది. కిటికీ తీసి ఉంచి, ఫ్యాన్ వేసుకోవడం నయం.

ఇక గాలి. తీరప్రాంతాల్లో మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి చల్లగాలి వస్తే ఎండ ఒక హద్దులో ఆగుతుంది. మచిలీపట్నం, బాపట్ల, విశాఖ వాళ్లకు ఇది బాగా తెలుసు. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున ఆ సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, లేదా రానే రాదు. అలాంటి రోజున తీరంలోనే పగలు 42, 43 దాకా పోతుంది. కాబట్టి తీరంలో ఉన్నవాళ్లు యాప్‌లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా గాలి ఎటు నుంచి వీస్తోందో చూడండి. తూర్పు, ఆగ్నేయం, దక్షిణం నుంచి అయితే ఉక్కపోత ఉన్నా ప్రమాదం తక్కువ. పడమర, వాయవ్యం నుంచి అయితే బయటి పనులు ఉదయం పదికల్లా ముగించుకునేలా చూసుకోండి.

రాత్రి ఉష్ణోగ్రతను చాలామంది వదిలేస్తారు. రాత్రి 30 కిందికి దిగని వరుస రాత్రులు పెద్దవాళ్లకు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు పగటి ఎండకన్నా ప్రమాదం. పగటి వేడి నుంచి తేరుకునే సమయం ఒంటికి దొరకదు. వారం పట్టికలో కనిష్ఠం పెరుగుతూ పోతుంటే డాబా ఇంట్లో పై అంతస్తులో పడుకునే పెద్దవాళ్లను కింది గదికి మార్చండి.

2015 మేలో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. బయట పని మానుకోలేని కూలీలు, ఒంటరిగా ఉండే వృద్ధులు. వారం సూచన చూసినప్పుడు మీ ఇంటి సంగతితో పాటు వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ సంగతి కూడా ఆలోచించండి. మూడు రోజుల వడగాల్పులు ఉన్నాయని తెలిస్తే రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టి పలకరించడం పెద్ద పని కాదు.

6. బంగాళాఖాతం వైపు ఒక కన్ను

మే తుపాన్ల నెల కూడా. 1990 మే 9న మచిలీపట్నం దగ్గర తీరం దాటిన తుపాను కోస్తాను చిన్నాభిన్నం చేసింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది. 2022 మేలో అసని తీరం దాకా వచ్చి మచిలీపట్నం, నరసాపురం దగ్గర బలహీనపడింది. కాబట్టి "అల్పపీడనం ఏర్పడే అవకాశం" అన్న వాక్యం కనపడితే ఆ రోజు నుంచి బులెటిన్ రోజూ చూడాలి.

మెట్లు ఇవీ: ఉపరితల ఆవర్తనం (పైగాలి సుడి తిరగడం), అల్పపీడనం, తీవ్ర అల్పపీడనం, వాయుగుండం (గంటకు 31 నుంచి 49 కి.మీ. గాలి), తీవ్ర వాయుగుండం (50 నుంచి 61), ఆపైన తుపాను (62 నుంచి). పేరు పెట్టేది తుపాను అయ్యాకే. అల్పపీడనాలన్నీ తుపాన్లు కావు, చాలావరకు మధ్యలోనే చల్లారిపోతాయి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడే సంగతి ఇంకోటి ఉంది. తుపాను వస్తోందంటే చల్లబడుతుందని సంబరపడతారు. అది ఒడిశా, బెంగాల్ వైపు వెళ్లిపోతే మన దగ్గర జరిగేది తలకిందులు. తుపాను తన చుట్టూ గాలిని తిప్పుకుంటుంది కాబట్టి, దానికి పడమర ఉన్న మనవైపు వాయవ్యం నుంచి పొడి గాలి లాగుతుంది. సముద్రపు గాలి ఆగిపోతుంది, మేఘం ఉండదు. 2020 మేలో అంఫన్ బెంగాల్ తీరం దాటాక తెలుగు నేల మీద ఎండలు ఎలా మండాయో గుర్తుందా? అందుకే మ్యాపులో తుపాను దారి గీత మన తీరానికి దూరంగా ఉత్తరానికి పోతుంటే, మీరు సిద్ధం కావాల్సింది వానకు కాదు, నాలుగైదు రోజుల వడగాల్పులకు.

మత్స్యకారులకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం ఎలాగూ ఉంటుంది. తెడ్డు పడవల మీద వెళ్లేవాళ్లకు ఆ నిషేధం వర్తించదు కాబట్టి, సముద్రం హెచ్చరిక చదవాల్సిన అవసరం ఈ రెండు నెలల్లో వాళ్లకే ఎక్కువ.

7. వారాన్ని మూడు ముక్కలు చేయండి

ఏడు రోజుల పట్టికలో ఏడు గళ్లూ ఒకేలా కనిపిస్తాయి, కానీ వాటి మీద పెట్టుకోదగ్గ నమ్మకం ఒకటి కాదు. మొదటి రెండు రోజుల గళ్ల మీద నిర్ణయం తీసుకోవచ్చు. కోత కోయాలా, కూలీలను పిలవాలా, ప్రయాణం పెట్టుకోవాలా అన్నది వీటితో తేల్చండి. మూడు నుంచి ఐదో రోజు దాకా ఉన్నవాటితో సిద్ధం కండి, కానీ డబ్బు ఖర్చయ్యే నిర్ణయం మర్నాటి బులెటిన్ దాకా ఆపండి. ఆరు, ఏడు రోజులవి వేడి పెరుగుతోందా తగ్గుతోందా, వాన మాట కొత్తగా వచ్చిందా అని చూడడానికే.

ప్రతి గురువారం వాతావరణ శాఖ వచ్చే వారాల ధోరణి చెప్పే విస్తృత సూచన ఇస్తుంది. అందులో రోజువారీ సంగతులు ఉండవు. వచ్చే వారం సాధారణం కన్నా వేడా, చల్లదనమా, వాన ఎక్కువా తక్కువా అన్నదే ఉంటుంది. పెళ్లి వంటి పెద్ద పని పెట్టుకున్నవాళ్లు గురువారం ఇది చూసుకుని, ఐదు రోజుల ముందు నుంచి రోజూ జిల్లా పట్టిక చూస్తే సరిపోతుంది. మూడు రోజుల ముందు మీ జిల్లాకు ఈదురుగాలుల పసుపు రంగు కనపడితే షామియానా బదులు ఫంక్షన్ హాలో, బడి వరండానో చూసి పెట్టుకోండి. భోజనాలు సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి మార్చగలిగితే ఇంకా మంచిది, గాలివానలు ఎక్కువగా సాయంత్రం మూడు నుంచి రాత్రి తొమ్మిది మధ్యలోనే వస్తాయి.

8. చేలో, కల్లంలో

ఈ నెలలో సూచన చదవాల్సిన అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది దాళ్వా, యాసంగి వడ్లు కోసి కొనుగోలు కేంద్రం ముందు వరుసలో ఉన్న రైతుకు. తేమ 17 శాతం దాటితే కొనరు. అందుకని రోజూ ఆరబోయాలి. ఆరబోసిన వడ్లు పావుగంట గాలివానకు చాలు, తడిసి ముద్దవుతాయి.

గాలివాన సూచన ఉన్న రోజున ఇలా చేయండి. పొద్దున ఎనిమిదింటికల్లా పలచగా ఆరబోసి, గంటకోసారి కాళ్లతోనో పారతోనో తిరగేయండి. మధ్యాహ్నం రెండింటికి, ఎండ ఇంకా ఉండగానే, కుప్పగా చేయండి. మబ్బు పట్టాక మొదలుపెడితే నలుగురు మనుషులున్నా అందుకోలేరు. కుప్ప గుండ్రంగా కాకుండా పొడుగ్గా, నడుమ ఎత్తుగా పోస్తే నీళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి. కింద కూడా ఒక టార్పాలిన్ ఉండాలి. కుప్ప చుట్టూ జానెడు లోతు కాలువ తీసి పల్లం వైపు దారి పెట్టండి. తడిసేది ఎక్కువగా కింది వడ్లే, పైన కప్పింది చూసుకుని అందరూ ధీమాగా ఉంటారు. టార్పాలిన్ అంచుల మీద ఇటుకలు పెడితే ఈదురుగాలికి ఆగవు. ఇసుకో మట్టో నింపిన గన్నీ సంచులు వరసగా పేర్చి, పైనుంచి అడ్డంగా రెండు చోట్ల తాడు కట్టండి. వాన వెలిశాక పొద్దున ఎండ రాగానే కప్పు తీసేయాలి. లోపల ఆవిరి పట్టి ఒక రోజు అలాగే ఉంటే రంగు మారుతుంది, రెండు రోజులుంటే మొలకొస్తుంది.

మామిడి తోటల్లో పక్వానికి వచ్చిన బంగినపల్లి కాయను ఈదురుగాలుల సూచనకు ముందే, ఉదయం పూట కోసేయండి. రేటు ఇంకో రెండు రూపాయలు పెరుగుతుందని ఆగేకన్నా, రాలిన కాయను ఊరగాయ ధరకు అమ్ముకోకుండా ఉండడమే లాభం. అరటికి గెల బరువు ఉన్న వైపు వెదురు గెడ ఊతం పెట్టి కట్టండి. పురుగు మందు కొట్టడం, ఎరువు చల్లడం వాన సూచన ఉన్న రోజున ఆపేయండి. గాలి గట్టిగా ఉన్న రోజున మందు కొడితే మొక్క మీద కన్నా మీ మీదే ఎక్కువ పడుతుంది.

పశువులను మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా నీడన కట్టేయాలి. గాలివాన సూచన ఉంటే ఆ నీడ చెట్టుది కాకూడదు.

9. ఆ రోజు మధ్యాహ్నం: సూచన వదిలి ఆకాశం, రాడార్ చూడండి

మధ్యాహ్నం రెండు దాటాక వారం సూచనతో పని అయిపోయింది. అప్పటి నుంచి మూడు గంటల సూచన, రాడార్, దామిని చూడాలి. వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ సూచన మూడేసి గంటలకు వర్తిస్తుంది, అందులో జిల్లాల పేర్లు ఉంటాయి. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం డాప్లర్ రాడార్ల బొమ్మలు ఎవరైనా చూడొచ్చు. ఎరుపు ముద్ద (గట్టి వాన ఉన్న చోటు) ఎటు కదులుతోందో రెండు మూడు వరుస బొమ్మల్లో చూస్తే, మీ వైపు వస్తే ఎంతసేపట్లో వస్తుందో అంచనా వేయొచ్చు.

సిగ్నల్ లేని చోట ఆకాశమే చెప్తుంది. కాలీఫ్లవర్ పువ్వులా పైపైకి ఉబ్బే తెల్ల మేఘం, కాసేపటికి పైభాగం చదునుగా పరుచుకుని అడుగు నల్లబడిందంటే అది పిడుగుల మేఘం. ఉక్కపోత ఉన్నట్టుండి తగ్గి, దుమ్ముతో చల్లటి గాలి ముఖానికి తగిలిందంటే మీ చేతిలో పది పదిహేను నిమిషాలే ఉన్నాయి. ఆ పది నిమిషాలు మోటారు ఆపడానికి, మేకలను తోలుకు రావడానికి, చెట్టు కింద నుంచి లేచి వెళ్లడానికి. కుప్ప కప్పడం అప్పుడు మొదలుపెట్టకండి.

మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. ప్రతి మూడు సెకన్లకు దాదాపు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్ల లోపల వినపడితే పిడుగు మీ దాకా రాగల దూరంలో ఉంది, పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. ఇల్లు దొరకకపోతే అద్దాలు మూసిన కారో బస్సో నయం. ఆటో, గుడిసె, తాటి చెట్టు, కరెంటు స్తంభం, పందిరి ఏదీ రక్షణ కాదు. చేలో చిక్కుకుంటే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు. గుంపుగా ఉంటే ఒకరికొకరు దూరంగా ఉండండి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. అది రుతుపవనాల కాలం కాదు, ఇలాంటి ఎండాకాలమే.

10. వడదెబ్బ తగిలితే

తల తిరగడం, కండరాలు పట్టేయడం, విపరీతమైన చెమట ఉన్నప్పుడు నీడలోకి తీసుకెళ్లి నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగిస్తే కోలుకుంటారు. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారమే కలపండి, లీటరు ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీళ్లలో. మాటలు తడబడడం, అయోమయం, ఒళ్లు కాలిపోవడం, ఫిట్స్ వస్తే అది వడదెబ్బ, ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి తడి గుడ్డలు పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

11. రుతుపవనాల వార్తను విత్తనం సంచితో కలపకండి

మే చివర్లో సూచనలో కొత్త మాటలు మొదలవుతాయి: రుతుపవనాలు అండమాన్‌లోకి ప్రవేశించాయి, మూడు రోజుల్లో కేరళకు. కేరళకు మామూలుగా జూన్ 1. అక్కడి నుంచి రాయలసీమకు కొన్ని రోజులు, తెలంగాణకు ఇంకొన్ని రోజులు. ఆ కొన్ని రోజులు ఎన్ని అన్నది ఏటా మారుతుంది. 2023లో జూన్ 8న కేరళకు వచ్చి తెలంగాణ చేరడానికి దాదాపు రెండు వారాలు తీసుకున్నాయి. 2025లో మే 24నే కేరళను తాకి, నెలాఖరులోపే మన దగ్గరికీ వచ్చి, ఆ తర్వాత జూన్ మధ్య దాకా ముందుకు కదలకుండా ఆగిపోయాయి. "వచ్చేశాయి" అన్న వార్త చూసి పత్తి గింజ పెడితే, అలాంటి ఏడాది మొలక ఎండిపోయి మళ్లీ విత్తనం కొనాల్సి వస్తుంది.

రోహిణి కార్తెలో పడే వాన దుక్కికి మంచిది, దాన్ని వాడుకుని దున్నేయండి. విత్తడానికి మాత్రం మీ చేలో 60 నుంచి 75 మి.మీ. వాన పడి, నేల జానెడు లోతు తడిసిందాకా ఆగండి. తడి ఎంత దిగిందో పారతో తవ్వి చూడండి. అప్పటికి మళ్లీ గురువారం విస్తృత సూచన తీసి, వచ్చే రెండు వారాల్లో వాన సాధారణమో తక్కువో చూసుకోండి. తక్కువ అని ఉంటే ఇంకో వాన దాకా ఆగండి, సాధారణం అని ఉంటే మర్నాడు పొద్దున గొర్రు కట్టండి.